గుత్తి కోట: మోకాళ్ల నొప్పులున్న నాన్నను పైకి తీసుకెళ్లొచ్చా?

షెడ్డుబిడ్డ (శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మా నాన్న గుత్తి రైల్వే డీజిల్ షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైర్ అయ్యారు. ఇప్పుడు వయసు 66, కర్నూల్లో మా దగ్గరే ఉంటున్నారు. డ్యూటీకి పోతూ వస్తూ రోజూ ఆ కోటను చూసిన మనిషి, ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు. నైట్ డ్యూటీలు, మా చదువులు, తర్వాత అమ్మ ఆరోగ్యం. అట్లా ఏళ్లు గడిచిపోయాయి. మొన్న అన్నం తింటూ తింటూ "అన్నేళ్లు గుత్తిలో ఉండి మురారి రావు గద్దె చూడకుండానే వచ్చేసినా" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

ఆయనకు రెండు మోకాళ్లూ నొప్పి. చదును నేల మీద బాగానే నడుస్తారు, మెట్లు దిగేటప్పుడే కష్టం. డిసెంబరులో తీసుకెళ్దామని ఉంది. దారి ఎట్లా ఉంటుంది, మధ్యలో నీడ ఉందా, నీళ్లు దొరుకుతాయా, ఎక్కినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ధైర్యం చెప్పడానికి మాత్రం చెప్పొద్దు.

గుత్తిపేట (శనివారం, రాత్రి 9:48)

అక్కా, మాది ఆ కోట కిందే. చిన్నప్పుడు సీతాఫలాల కోసం ఎక్కేవాళ్లం, ఇప్పుడు చుట్టాలొస్తే వాళ్లను తీసుకుని ఎక్కుతుంటా. ఉన్నదున్నట్టే చెప్తాను.

దారి తిరుమల మెట్ల లాగా తీరుగా ఉండదు. కొంత మేర మెట్లు, కొంత మేర రాతిబండలు పరిచిన వాలు. ఆ వాలు దగ్గరే జాగ్రత్త, వందల ఏళ్లుగా కాళ్లు పడి పడి బండలు నున్నగా అయిపోయాయి. తొలకరిలో అయితే జారుతాయి, డిసెంబరులో ఆ భయం లేదు. ఒక ద్వారం దాటితే ఇంకో ద్వారం వస్తూనే ఉంటుంది. మొత్తం పదిహేను ద్వారాలని మా ఊళ్లో లెక్క. ఆ ద్వారాల లోపలే నీడ. గోడ మందం ఎక్కువ కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది, గాలి కూడా తగులుతుంది. ద్వారానికీ ద్వారానికీ మధ్య నీడ ఉందనుకోవద్దు.

బాగా నడిచేవాళ్లకు గంట పడుతుంది. నాన్నగారైతే ఆగుతూ ఆగుతూ రెండు గంటలు వేసుకోండి. దిగడానికీ అంతే పెట్టుకోండి, నొప్పంతా దిగేటప్పుడే అన్నారు కదా. పైన అంగడి లేదు, కుళాయి లేదు. మనిషికి రెండు లీటర్లు మోసుకుపోవాల్సిందే. నీళ్ల బాటిల్ కనిపిస్తే కోతులు ఊరుకోవు, సంచిలో పెట్టుకోండి.

పొద్దున ఆరున్నరకు కింద ఉండండి.

గండికోట_దారి (శనివారం, రాత్రి 10:20)

నాది జమ్మలమడుగు వైపు కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, గండికోటకు తీసుకెళ్లండి అంటాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అంతకన్నా మంచి కోట మన సీమలో లేదు. కారు కోట లోపలికే పోతుంది. లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురాలు ఉంటున్నారు. జామా మసీదు, పక్కనే ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, పావురాల గోపురం, జైలు, అన్నీ చదును మీదే. పెన్నా లోయ అంచుకు పోవాలంటే మాత్రం గుండ్లు దాటాలి, అక్కడ పట్టుకోవడానికి కమ్మీ లేదు, పెద్దవాళ్లను దూరంగానే కూర్చోబెట్టాలి. అయినా ఎర్రరాతి గోడల నడుమ పెన్న పారేది దూరం నుంచైనా కనిపిస్తుంది.

గుత్తి నుంచి తాడిపత్రి మీదుగా ఒక పూట ప్రయాణం. దారిలో తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి, చింతల వెంకటరమణ స్వామి గుడి. పెద్దాయనకు శ్రమ ఉండదు.

షెడ్డుబిడ్డ (శనివారం, రాత్రి 10:41)

గండికోట అన్నా, మీరు చెప్పింది ఇప్పుడే నాన్నకు చదివి వినిపించాను. "గండికోట బాగుంటుంది, కాదనను. కానీ నేను ముప్పై ఏళ్లు చూసింది గుత్తి కోటను" అన్నారు. ఇంక నేనేం చెప్పను.

గండికోట_దారి (శనివారం, రాత్రి 10:55)

ఆ మాట తర్వాత ఇంక గండికోట పేరెత్తను. గుత్తికే పోండి.

పలకాబలపం (ఆదివారం, ఉదయం 6:30)

అమ్మా, నేను ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. మీ నాన్నగారు మురారి రావు గద్దె అన్నారు కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. పైకి పోయినప్పుడు ఏం చూస్తున్నామో తెలిస్తే అలసట తగ్గుతుంది.

కోట మురారి రావు కట్టించింది కాదు. కొండ మీది బండలకు చాళుక్య విక్రమాదిత్యుడి కాలం నాటి కన్నడ శాసనాలున్నాయి. అంటే 11, 12 శతాబ్దాల మాట. విజయనగర బుక్కరాయల పేరున్న శాసనం గుత్తిని దుర్గాలకే రాజని, బుక్కరాయల రాజ్యాధికారమనే చక్రానికి నాభి అని పొగిడింది. బండి చక్రానికి ఇరుసు దూరే చోటును నాభి అంటారు. ఆకులన్నీ, అంటే చక్రం కమ్మీలన్నీ, అక్కడికే వచ్చి కూడుకుంటాయి. పైన నిలబడి చుట్టూ చూస్తే ఆ పోలిక ఊరికే రాయలేదని తెలుస్తుంది, అన్ని దిక్కుల దారులూ అక్కడి నుంచి కనిపిస్తాయి.

మురారి రావు ఘోర్పడే మరాఠా సర్దారు. 1751లో ఆర్కాటు ముట్టడిలో ఉన్న ఇంగ్లీషు సేనాని క్లైవుకు సాయంగా పోయింది ఈయనే. గుత్తిని స్థావరం చేసుకుని ఒకసారి ఇంగ్లీషువాళ్లతో, ఒకసారి ఫ్రెంచివాళ్లతో, ఒకసారి మైసూరుతో ఆడుకున్నాడు. కొండ అంచున సున్నపు పూతతో చిన్న మండపం ఉంటుంది, దాన్నే గద్దె అంటారు. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని, ఉయ్యాల ఊగేవాడని, నేరస్తులను ఆ అంచు నుంచే తోయించేవాడని చెబుతారు.

ఆయన కథ ముగిసింది 1776లో. మైసూరు పాలకుడు హైదర్ అలీ కోటను చుట్టుముట్టాడు. నెలల తరబడి కూర్చున్నా గోడ పగలలేదు, ద్వారం తెరుచుకోలేదు. పైన నీళ్లు అయిపోవచ్చాయి. వేరే దారి లేక మురారి రావు రాజీకి వచ్చాడు. పన్నెండు లక్షలు ఒప్పందం, కొంత రొక్కం చేతికిచ్చి, మిగతాదానికి ఒక కుర్రవాణ్ణి జామీనుగా పంపాడు. హైదర్ ఆ కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మర్యాద చేసి, కోటను, కోటలో వాళ్ల పౌరుషాన్ని పొగిడాడు. పొంగిపోయిన కుర్రవాడు, పైన నీళ్లు మూడు రోజులకే ఉన్నాయి కాబట్టి రాజీకి వచ్చాం గానీ లేకపోతే మీకు చిక్కేవాళ్లమా అన్నాడు. హైదర్ ఏదో సాకు చూపి ఒప్పందం తోసేసి మళ్లీ దారులు మూశాడు. అంతే, మురారి రావు దిగి వచ్చాడు. మైసూరు రాజ్యంలోని కబ్బాళదుర్గం కోట చెరలోనే చనిపోయాడు.

ఈ కథ పిల్లలకు చెప్పినప్పుడల్లా క్లాసులో చప్పుడు ఆగిపోయేది.

ఉగ్గానిబజ్జీ (ఆదివారం, ఉదయం 8:05)

సార్, మాది అనంతపురం. కోట మీద నూటెనిమిది బావులున్నాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, అన్ని బావులుండి నీళ్లెట్లా అయిపోయాయి?

పలకాబలపం (ఆదివారం, ఉదయం 8:40)

మంచి ప్రశ్న నాయనా. వాటిని బావులంటాం గానీ చాలావరకు బండలో తొలిచిన తొట్లు. అడుగున ఊట ఉండదు. వాన పడినప్పుడు కొండ వాలు మీద జారే నీళ్లను ఒక తొట్టి పడుతుంది, అది నిండితే కింది దానికి పొర్లుతుంది. పనితనం గొప్పదే, కానీ వాన పడాలి కదా. మన జిల్లాలో ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ముట్టడి నడిచింది ఆ వానలు అయిపోయాక. లోపల సైనికులు, వాళ్ల కుటుంబాలు, పశువులు. తోడుకోవడమే గానీ మళ్లీ నిండటం లేదు. తొట్టి నీళ్ల మీద బతికే ఏ కొండకోటకైనా ప్రాణం అక్కడే ఉంటుంది.

ఉగ్గానిబజ్జీ (ఆదివారం, ఉదయం 9:15)

ఇది చదివాక నా సంగతి చెప్పకుండా ఉండలేను. అక్కా, మీకు పనికొస్తుంది.

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో మేం ఆరుగురం ఎక్కాం. బయలుదేరేసరికే పదకొండు. తలా ఒక లీటరు బాటిల్, సగం దారిలోనే ఖాళీ. ఇంకొంచెమే కదా అనుకుంటూ పోయాం. పైకి చేరేసరికి మాలో ఒకడికి చెమట ఆగిపోయింది, చర్మం పొడిగా కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఏమడిగినా సంబంధం లేని జవాబు. వడదెబ్బ అని మాలో ఒకరికి తెలుసు కాబట్టి సరిపోయింది. వాణ్ణి ద్వారం నీడలో పడుకోబెట్టి, పక్కనున్న తొట్టిలో పచ్చగా నాచు పట్టిన నీళ్లలో మా చొక్కాలు ముంచి మెడకి, చంకలకి, తొడల దగ్గర వేశాం. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, కానీ ఆ రోజు వాణ్ణి కాపాడింది అవే. గంట తర్వాత ఎత్తుకుని దించాం, ఆసుపత్రిలో రెండు రోజులున్నాడు.

ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఎవరైనా గుత్తి కోట అంటే నేను చేతులు పట్టుకుని ఆపుతాను. డిసెంబరు మంచి ఎంపిక. అయినా ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి.

కడప_కోడలు (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

మా అత్తగారిని సిద్ధవటం తీసుకెళ్లిన అనుభవంతో చెప్తున్నా. (అది పెన్న ఒడ్డున చదును కోట, ఎక్కేదేం లేదు, మట్లి రాజులది, వీలైతే చూడండి.) పెద్దవాళ్లతో పోయేటప్పుడు పైకి చేరాలి అని ముందే మొండిగా అనుకోకూడదు. ఎక్కడ ఆగితే అక్కడే మన కోట అని చెప్పాను మా అత్తగారికి, ఆమె మొహంలో టెన్షన్ పోయింది. చేతికర్ర తీసుకోండి, మోకాలికి పట్టీ తొడగండి, దిగేటప్పుడు మీరు ముందు నడవండి, ఆయన చేయి మీ భుజం మీద ఉండాలి. చిన్న పీట ఒకటి, లేకపోతే మడత కుర్చీ. రాతి మీద కూర్చుని లేవడమే వాళ్లకు నరకం.

రాతిమనసు (ఆదివారం, సాయంత్రం 5:50)

ఈ చర్చలో ఈ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. నేను సీమ కోటలన్నీ తిరుగుతుంటాను. గుత్తి, పెనుకొండ, ఆదోని, రాయదుర్గం, ఏ కోటకు పోయినా రెండు గాయాలు కనిపిస్తాయి. ఒకటి గోడల మీద ప్రేమికుల పేర్లు, సున్నపు పూతను మేకుతో చెక్కి మరీ. రెండోది అంతకన్నా ఘోరం, గుప్తనిధుల తవ్వకాలు. గుడి పానవట్టం పెకలించి, బురుజు కింద గొయ్యి తీసి, పసుపు కుంకుమ చల్లి పోతారు. ఒక కోటలో నేను ముందటేడు ఫోటో తీసుకున్న ద్వారపాలక శిల్పం, మరుసటేడు పోతే నడుము దగ్గర రెండుగా పగిలి ఉంది. అక్కడ కూర్చుని ఏడ్చాను, సిగ్గుపడను చెప్పడానికి.

ఈ కోటల్లో దాచినవి బంగారు కాసులని ఎవరు చెప్పారో గానీ, ముట్టడిలో ఓడిపోయిన రాజు దగ్గర ముందు గుంజుకునేది అదే కదా. మురారి రావు పన్నెండు లక్షలు కట్టలేకే మనిషిని జామీను పెట్టాడని సార్ ఇప్పుడే రాశారు. ఇంక మిగిలిందేముంది?

పోయినవాళ్లు ఎక్కడైనా కొత్తగా తీసిన గొయ్యి కనిపిస్తే ఫోటో తీసి పోలీసులకు చెప్పండి. గుత్తి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది, తవ్వడం నేరం.

గుత్తిపేట (ఆదివారం, రాత్రి 8:12)

రాతిమనసు అన్నా, మా ఊళ్లోనూ ఆ బాధ ఉంది. రాత్రిపూట కొండ మీద లైటు కనిపిస్తే మా వీధి పెద్దలు ఇప్పటికీ అరుస్తారు.

అక్కా, ఇంకో మాట మర్చిపోయా. ఎక్కే దారి మొదట్లోనే ఇంగ్లీషువాళ్ల శ్మశానం ఉంది. థామస్ మన్రోను మొదట పూడ్చింది అక్కడే. నాన్నగారు ఎక్కలేకపోయినా అది చూడొచ్చు.

పలకాబలపం (ఆదివారం, రాత్రి 9:00)

మన్రో 1800 నుంచి ఏడేళ్లు దత్త మండలాలకు (నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన మన సీమ ప్రాంతం) కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. స్వదేశం పోయే ముందు ఈ ప్రాంతాన్ని చివరిసారి చూసిపోదామని వచ్చి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తికి తెచ్చి పూడ్చారు, కొన్నేళ్లకు మద్రాసు కోటలోని చర్చికి మార్చారు. మన పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఆయన మీద జనానికి ఎంత గురి ఉండేదో చూడండి. పన్నుల సంగతిలో ఆయనతో నాకు పేచీ ఉంది, అది వేరే చర్చలో మాట్లాడుకుందాం.

షెడ్డుబిడ్డ (నాలుగు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30)

పోయొచ్చాం. మీ అందరి మాటలూ పట్టుకుని పోయాం కాబట్టి వివరంగా రాయడం నా బాధ్యత.

కర్నూలు నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం, ఆరున్నరకు కొండ కింద ఉన్నాం. చలి బాగానే ఉంది, నాన్న మఫ్లర్ తీయలేదు. గుత్తిపేట తమ్ముడు చెప్పకుండానే వచ్చి నిలబడ్డాడు, వాళ్లమ్మ చేసిచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి పట్టుకుని. మనిషిని చూడటం అదే మొదటిసారి. ఏమిచ్చినా ఆ రుణం తీరదు.

మొదటి మూడు ద్వారాలు నాన్న నేననుకున్నదానికన్నా బాగా ఎక్కారు. ప్రతి ద్వారంలో పీట వేసుకుని పది నిమిషాలు. ఒకచోట ఆయన తలుపు తిరిగే రాతి గుంతలో వేలు పెట్టి తిప్పి చూసి "బేరింగ్ ఇక్కడుండేది, ఎంత అరిగిందో చూడు" అన్నారు. లోపలి గోడ నున్నగా, గిన్నె అడుగులా ఉంది. ఎన్నిసార్లు ఆ తలుపు తెరిచి మూసి ఉంటారో అని ఆయన లెక్క వేయడం మొదలుపెట్టారు. రోజుకు రెండుసార్లు, ఇన్ని ఏళ్లు అని. ఆయనకు శాసనాల కన్నా అదే ఎక్కువ నచ్చింది.

ఆరో ద్వారం దగ్గర ఆగిపోయారు. మోకాలు వాచింది. కడప అక్క మాట గుర్తొచ్చి "ఇదే మన కోట నాన్నా" అన్నాను. నవ్వి "నువ్వు పో, నాకు చూసి చెప్పు" అన్నారు. తమ్ముడు ఆయన పక్కన కూర్చున్నాడు, నేను, మా ఆయన పైకి పోయాం.

తొట్లు చూశాం. ఒకదాని అంచున బండలో గాళ్లు పడి ఉన్నాయి, చేంతాడు ఒరిసి ఒరిసి. నా బొటనవేలు అడ్డంగా పెడితే సరిగ్గా పట్టింది. ఒకటి కాదు, పక్కపక్కన ఏడు గాళ్లు. ఏడుగురు ఒకేసారి నిలబడి తోడుకునేవాళ్లేమో. నీళ్లు మెట్టు కింద ఎక్కడో ఉన్నాయి, నాచు కింద. సార్ చెప్పిన మూడు రోజుల నీళ్ల కథ అక్కడ నిలబడి తలుచుకుంటే గొంతు ఆరిపోయింది, సంచిలో నాలుగు లీటర్లున్నా.

గద్దె చిన్నది. నలుగురు కూర్చుంటే నిండిపోతుంది. కింద పాత ఊరు, ఆ పక్కన పొలాలు, కంది చేలు. అక్కడి నుంచి నాన్నకు ఫోన్ చేశాను. "ఏం కనపడుతోంది?" అన్నారు. చెప్తూ పోయాను. పట్టాలు ఎటు తిరుగుతున్నాయో చెప్పాను. "ఆ మలుపు దాటాక పొడవాటి పైకప్పు కనిపించాలే" అన్నారు. కాసేపు వెతికాను, పొగమంచు ఇంకా పోలేదు. తర్వాత కనిపించింది. కనిపించింది నాన్నా అన్నాను. అటు వైపు చాలాసేపు మాట లేదు. తర్వాత "మేం షిఫ్టు దిగి టీ తాగుతూ ఆ తెల్ల మండపాన్ని చూసేవాళ్లం. ఇప్పుడు అక్కడ నా బిడ్డ కూర్చుంది" అన్నారు.

దిగడానికి రెండు గంటలు పట్టింది. మా ఆయన ముందు, నేను వెనక. ఒకటి రెండు చోట్ల నాన్న వెనక్కి తిరిగి దిగారు, నిచ్చెన దిగినట్టు, అట్లా అయితే మోకాలికి నొప్పి తక్కువట. ఇలాంటి నొప్పులున్నవాళ్లు ప్రయత్నించి చూడండి, పక్కన మనిషి పట్టుకుని ఉండాలి.

రాతిమనసు అన్నా, కొత్త గొయ్యి ఏదీ కనిపించలేదు. పేర్లు మాత్రం చాలా ఉన్నాయి.

రాతిమనసు (ఆదివారం, రాత్రి 9:05)

ఆ చేంతాడు గాళ్ల ఫోటో ఉంటే పెట్టండి అక్కా. నేను మూడుసార్లు పోయి కూడా అవి చూడలేదు. శిల్పాలే వెతుకుతుంటాను, మనుషుల చేతులు పడ్డ చోటు వదిలేశాను.

ఉగ్గానిబజ్జీ (ఆదివారం, రాత్రి 9:20)

నాన్నగారి మోకాలు ఇప్పుడెట్లా ఉంది?

షెడ్డుబిడ్డ (ఆదివారం, రాత్రి 9:32)

వాపు తగ్గింది, ఐస్ పెడుతున్నాం. మిగిలిన ద్వారాలు వచ్చే డిసెంబరుకు అంటున్నారు. డాక్టరును అడిగి చూస్తాం.

గుత్తిపేట తమ్ముడూ, నాన్న ఒకటి అడగమన్నారు. మీరిద్దరూ ద్వారంలో గంటన్నర మాట్లాడుకున్నారంట కానీ మీ తాతగారి పేరు అడగడం మరిచిపోయారట. షెడ్డు గేటు దగ్గర వేయించిన చెనిక్కాయలు అమ్మే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, నీ నవ్వు అచ్చం ఆయన నవ్వులాగే ఉందంట.

గుత్తిపేట (ఆదివారం, రాత్రి 9:40)

అక్కా, ఆయనే మా తాత. నాన్నగారి నంబరు నాకు మెసేజ్ చేయండి, మా నాయనతో మాట్లాడిస్తాను.